మూడో మెట్టు

మా పాఠంలో సరస్సు గడ్డకట్టి ఉంటుంది.
బొమ్మలో ఒక పిల్లాడు దాని మీద జారుతుంటాడు.
"ఇది ఏ ఊరు టీచర్?" అన్నాడు మీరావలి.
చెప్పలేక పుస్తకం మూసేశాను.
సింగ్ నగర్‌లో మే నెలలో
కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది.

మర్నాడు ఇరవై లీటర్ల టిన్ను మోయించుకొచ్చి
బల్ల మీద పెట్టాను.
భూమ్మీది నీళ్లన్నీ ఇవే అనుకోండి.
అరలీటరు చెంబుతో ముంచి పక్కన పెట్టి
టిన్నులో మిగిలిందంతా ఉప్పు, అన్నాను.
చెంబులోవి మంచినీళ్లే గానీ
చాలావరకు మంచుకొండలు,
మిగతాది నేల అడుగున.
ఏట్లో, చెరువులో, మన కంటికి కనబడేది ఎంత?
చెవి మందు పోసుకునే గొట్టంతో
కెజియా అరచేతిలో ముప్పై చుక్కలు.
తరగతంతా నాతో పాటు లెక్కపెట్టింది, ఎక్కాల రాగంలో.
ముప్పై అనేసరికి
వేళ్ల సందుల్లోంచి సగం బల్ల తాగేసింది.
"టిన్ను ఉప్పు కదా టీచర్, పారబోస్తారా?"
వెనక బెంచీలోంచి.
పారబొయ్యలేదు. మధ్యాహ్నానికల్లా ఖాళీ చేశారు.

శనివారం భవానీపురం రేవుకి వెళ్లాం.
బ్యారేజీ గేట్లు దించి ఉన్నప్పుడు
కృష్ణ ఇక్కడ నడక మానుకుని కూర్చుంటుంది.
కూర్చున్న నదికి సరస్సు గుణాలొస్తాయి,
పైన వేడి, అడుగున చలవ,
బండ మీద పచ్చని జిగురు.
ఇది పరీక్షలో రాదు, రాసుకోనక్కర్లేదన్నాను.
ముగ్గురు రాసుకున్నారు.
పోలయ్య పడవ ఇచ్చాడు, అయిదుగురు చొప్పున.
వల తొక్కొద్దని ఒక్కటే షరతు.

పరికరం మేం చేసిందే.
అన్నం గిన్నె మూత, నాలుగు ముక్కలుగా నలుపూ తెలుపూ,
నడుమ చిల్లు, కింద తూకపు రాయి,
జానెడుకో ముడి వేసిన నైలాను తాడు.
దించుతూ పోవాలి.
తెలుపు ఎక్కడ నీళ్లయిపోతుందో
అక్కడ తాడు పట్టుకోవాలి.
వెలుగు ఇంకాస్త కిందికి దిగుతుంది,
మన చూపు మాత్రం అక్కడితో సరి.

నడినీళ్లలో నాలుగు ముళ్లు.
గుర్రపుడెక్క పక్కన రెండున్నర.
మురుగు వచ్చి కలిసేచోట
మొదటి ముడి తడవకుండానే మూత మాయం.
ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఒక చేత్తో
మీరావలి సున్నా వేశాడు, మళ్లీ కొట్టేసి
"ముప్పావు" అని రాశాడు.

కెజియా పడవెక్కలేదు.
ఒడ్డున అందరి చెప్పులకీ కాపలా కూర్చుంది.
నేను బతిమాలలేదు.
బుడమేరు వాళ్ల వీధిలోకి వచ్చినప్పట్నించీ
ఆ పిల్ల బకెట్లోకి కూడా తొంగిచూడదని
వాళ్లమ్మ చెప్పి పంపింది.

ఒడ్డుకొచ్చి అంకెలు చదువుతుంటే
చెప్పుల మధ్యలోంచి అంది:
"మాకు రెండో మెట్టు కనబడేది టీచర్.
మూడోది కనబడేది కాదు."

ఎవరూ నవ్వలేదు, మాట్లాడలేదు.

"ఓనరు వాళ్ల మేడ మీద నాలుగు రోజులున్నాం.
లేవగానే మెట్లే చూసేదాన్ని.
మొదట ఒక్కటీ లేదు, టీ రంగు.
మూడో రోజుకి మన్ను అడుక్కి దిగింది."
ఆగి, తనే దిద్దుకుంది:
"మెట్టు కాదు. సిమెంటు రంగు కదా, ఎట్టా కనబడిద్ది?
మా ఇడ్లీ రేకు కనబడింది.
సామాన్లు పైకి మోస్తుంటే జారి
రెండో మెట్టు మీద పడింది."

"మెట్టు ఎత్తెంత?" అన్నాను.
ఇంకేం అడగాలో నాకు తెలియలేదు.
జాన చాచి చూపించింది.

పుస్తకంలో అంకెలన్నీ ఒక్కో గడి కిందికి జరిపి
మీరావలి మొదటి వరుస ఖాళీ చేసి ఇచ్చాడు.
చోటు: సింగ్ నగర్, కెజియా వాళ్ల మెట్లు.
చూపు: రెండు జానలు.
పరికరం: ఇడ్లీ రేకు.
"స్పెల్లింగ్ కరెక్టేనా?" అని అడిగాడు ఆ పిల్లని.

బస్సు హారన్ కొడుతోంది.
తాడు తనే చుట్టింది,
తడి ముడి తగిలినచోటల్లా కాస్త ఆగి.